మొదటి రేటింగ్ టోర్నమెంట్‌కు ఇటాలియన్ గేమ్: ఇంట్లో తయారీ నుంచి స్కోర్‌షీట్ దాకా

క్లబ్బులో, ఫోన్లో చదరంగం బాగానే ఆడేవాళ్లు మొదటి రేటింగ్ టోర్నమెంట్‌లో ఎక్కడ దారి తప్పుతారో వాళ్ల స్కోర్‌షీట్లు (ఎత్తులు రాసుకునే కాగితాలు) చూస్తే తెలిసిపోతుంది. చాలావరకు ఎనిమిదో ఎత్తుకీ పదిహేనో ఎత్తుకీ మధ్యలోనే. నేర్చుకున్న ఎత్తులు అయిపోతాయి. పావులు దాదాపు అన్నీ బోర్డు మీదే ఉంటాయి. ఇప్పుడేం చేయాలో తోచదు. అప్పుడు చేతికందిన దాడి ఏదో ఒకటి మొదలుపెడతారు. ఆ ఏడెనిమిది ఎత్తులు నిలకడగా ఆడటానికి ఏం చేయాలో ఇక్కడ చెబుతాను. దానికి ఇటాలియన్ గేమ్‌ను తీసుకుంటున్నాను. ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరస) ఏదైనా తయారయ్యే పద్ధతి ఇదే: ఇరవై ఎత్తుల వరసలు బట్టీ పట్టే బదులు, ఏ పావు ఏ గడిలో నిలబడాలో, ఎందుకు నిలబడాలో తెలుసుకోవడం, మిగతాది మీరు ఆడిన గేముల నుంచే ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవడం.

ముందుగా: ఒకటే ఓపెనింగ్, రెండు రంగులతోనూ

తెల్ల పావులొస్తే 1. ఇ4 ఆడండి, అంటే రాజు ముందున్న బంటును ఇ4 గడికి తోయండి. నల్లవి వచ్చి ఎదుటివాళ్లు ఇ4 ఆడితే మీరు ఇ5 ఆడండి. ఇలా చేస్తే ఒకే ఆకృతిని, అంటే పావుల అమరికను, రెండు వైపుల నుంచీ చూస్తారు. తెల్లతో ఆడినప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఎత్తు, నల్లతో ఆడినప్పుడు మీ ఆయుధం అవుతుంది. టోర్నమెంట్‌కు నెలా రెండు నెలలే ఉన్నప్పుడు ఇంతకంటే పొదుపైన పద్ధతి నాకు తెలియదు.

ఇటాలియన్ అంటే ఈ మూడు జతల ఎత్తులు:

1. ఇ4 ఇ5
2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6
3. బిషప్ సి4

ఇది పిల్లల ఓపెనింగ్ అని తీసిపారేసేవాళ్లు ఉంటారు. నమ్మకండి. 17వ శతాబ్దంలో గ్రెకో రాసిపెట్టిన ఆటల్లో ఇది ఉంది. 1981లో మెరానోలో కోర్చ్‌నోయ్‌తో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో కార్పోవ్ దీన్ని ఆడాడు. 2000లో లండన్‌లో క్రామ్నిక్ నల్ల పావులతో బెర్లిన్ డిఫెన్స్ ఆడి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను కట్టడి చేశాక, రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్‌లో (3. బిషప్ బి5) ఆ గోడను ఎలా దాటాలా అని పెద్ద ఆటగాళ్లు ఏళ్ల తరబడి వెతికారు. 2010ల మధ్యకొచ్చేసరికి వాళ్లలో చాలామంది మళ్లీ ఇటాలియన్‌కే చేరారు. వాళ్లు ఆడేది నింపాదిగా సాగే రకం, డి3 బంటుతో. మనం కూడా దాన్నే నేర్చుకుందాం.

ఎదుటివాళ్లు ఇ5 ఆడకపోతే ఏం చేయాలన్నది కూడా ఉండాలి కాబట్టి క్లుప్తంగా: సిసిలియన్‌కు (1... సి5) 2. సి3, ఫ్రెంచ్‌కూ (1... ఇ6) కారో-కాన్‌కూ (1... సి6) 2. డి4 ఆడి మూడో ఎత్తులో ఇ5. మీరు నల్ల అయి ఎదుటివాళ్లు డి4తో మొదలుపెడితే డి5 ఆడి, తర్వాత ఇ6, గుర్రం ఎఫ్6, బిషప్ ఇ7, క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కలిపి జరపడం). మొదటి టోర్నమెంట్‌కు ఈ మాత్రం చాలు. వీటి మీద గంటలు పెట్టకండి.

రెండో మెట్టు: ఆకృతిని నోట్‌బుక్‌లో రాసుకోవడం

నోట్‌బుక్ అంటున్నాను, యాప్ అనట్లేదు. చేత్తో రాసినది బోర్డు ముందు గుర్తొస్తుంది. ఒక పేజీలో ఈ వరస రాయండి (అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నల్లవాళ్ల ఎత్తు):

3... బిషప్ సి5
4. సి3, గుర్రం ఎఫ్6
5. డి3 డి6
6. క్యాస్లింగ్, క్యాస్లింగ్
7. ఏనుగు ఇ1, ఎ6
8. బిషప్ బి3, బిషప్ ఎ7
9. హెచ్3 హెచ్6
10. బి గుర్రం డి2, ఏనుగు ఇ8
11. గుర్రం ఎఫ్1, బిషప్ ఇ6

ఇప్పుడు అసలు పని. ప్రతి ఎత్తు పక్కనా కారణం మీ మాటల్లో రాయండి. నేనైతే ఇలా రాస్తాను.

సి3: నల్ల గుర్రం డి4కి రాకుండా ఆపుతుంది. ఎప్పటికైనా డి4 తోయడానికి ఆసరా. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు: బిషప్‌కు సి2 గడి ఖాళీ అవుతుంది. నల్ల గుర్రం ఎ5కి వచ్చి బి3 బిషప్ మీద కన్నేస్తే, సి2కి వెళ్లిపోవచ్చు. సి3 ఆడకుండా ఉంటే ఆ మంచి బిషప్‌ను గుర్రానికి ఇచ్చేయాల్సి వస్తుంది.

ఏనుగు ఇ1: ఇ4 బంటుకు కాపలా. దాంతోపాటు ఎఫ్1 గడి ఖాళీ అవుతుంది. బి1 గుర్రం డి2, ఎఫ్1 మీదుగా జి3కి ప్రయాణం చేయాలంటే ఆ గడి కావాలి. జి3 నుంచి ఎఫ్5. నల్లరాజు ముందు ఎఫ్5లో గుర్రం కూర్చుంటే తెల్లవాళ్ల ఆట దానంతటదే సాగుతుంది.

హెచ్3: నల్ల బిషప్ జి4కి వచ్చి ఎఫ్3 గుర్రాన్ని పిన్ చేయకుండా, అంటే వెనకున్న క్వీన్ కోసం కదల్లేకుండా కట్టిపడేయకుండా. తొమ్మిదో ఎత్తు దాకా ఆగాలని నియమమేమీ లేదు. ప్రత్యర్థి జి4కి వచ్చే సూచన కనిపిస్తే ముందే ఆడండి.

నల్ల వైపు ఎ6, బిషప్ ఎ7: సి5లోనే ఉంటే డి4 లేదా బి4 తోసినప్పుడు బిషప్ పరుగెత్తాల్సి వస్తుంది, ఒక ఎత్తు పోతుంది. ఎ7లో ఉంటే అదే కర్ణం మీద చూస్తూ క్షేమంగా ఉంటుంది. అక్కడి నుంచి నల్లవాళ్లు ఎదురుచూసేది డి5 తోసే సమయం కోసం.

ఆ డి5, తెల్లవాళ్ల డి4: ఈ రెండు తోపులే మొత్తం ఆటకు ఇరుసు. తోసే ముందు లెక్క పెట్టండి. నల్లతో డి5 తోస్తే ఇ4 బంటు డి5ని చంపుతుంది, మీ గుర్రం తిరిగి చంపుతుంది. ఇప్పుడు మీ ఇ5 బంటు మీద తెల్ల గుర్రం, ఇ1 ఏనుగు రెండూ గురి పెట్టి ఉంటాయి. దాన్ని కాసేవి కూడా కనీసం రెండు ఉన్నాయా? సి6 గుర్రం ఒకటి. ఏనుగు ఇ8కి వచ్చిందా? రాకపోతే ముందు అది ఆడండి. తెల్లవాళ్లు డి4 తోసేటప్పుడు ఇ4 బంటుకూ ఇదే లెక్క. క్లబ్ స్థాయిలో ఇటాలియన్‌లో పోయే బంటుల్లో చాలావాటికి ఈ చిన్న లెక్క తప్పడమే కారణం.

ఐదో ఎత్తులో డి3 బదులు డి4 తోయకూడదా అని అడుగుతారు. తోయొచ్చు. కానీ 5... ఇ బంటు డి4ని చంపి, 6. సి బంటు తిరిగి చంపాక, నల్లవాళ్లు బిషప్‌ను బి4కి తెచ్చి చెక్ ఇస్తే 7. బిషప్ డి2, బిషప్‌ల మార్పిడి, ఆపైన నల్లవాళ్లు వెంటనే డి5. ఆట సమానం. ప్రత్యర్థికి ఇది తెలియక బిషప్‌ను బి6కి వెనక్కి తీసుకుంటే మాత్రం మీ డి5, ఇ5 బంటులు గుర్రాల మీదకు దూసుకుపోతాయి. ప్రత్యర్థి మరిచిపోతాడన్న ఆశ మీద ఓపెనింగ్ నిలబెట్టడం నాకు నచ్చదు. అందుకే డి3.

మూడో మెట్టు: రెండు పొరపాట్లను బోర్డు మీద ఆడి చూడడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. క్లబ్ ఆటగాళ్లు ఈ ఓపెనింగ్‌లో ఓడిపోయే గేముల్లో ఈ రెండూ పదేపదే కనిపిస్తాయి.

మొదటిది ఎఫ్7 మీద ఆశ. వరస ఇలా ఉంటుంది: 3... బిషప్ సి5 4. క్యాస్లింగ్, గుర్రం ఎఫ్6 5. డి3, క్యాస్లింగ్ 6. గుర్రం జి5 హెచ్6 7. గుర్రం ఎఫ్7 బంటును చంపుతుంది, ఏనుగు దాన్ని చంపుతుంది 8. బిషప్ ఆ ఏనుగును చంపి చెక్, రాజు బిషప్‌ను చంపుతాడు. తెల్లవాళ్లు మనసులో వేసుకునే లెక్క: గుర్రం 3, బిషప్ 3, మొత్తం 6 ఇచ్చాను. ఏనుగు 5, బంటు 1, మొత్తం 6 వచ్చాయి. పైగా రాజు బయటికొచ్చాడు. లాభమే కదా?

కాదు. బోర్డును అక్కడే ఆపి తెల్ల పావులు చూడండి. క్వీన్ డి1లోనే. బి1 గుర్రం, సి1 బిషప్ కదల్లేదు. ఏనుగులకు తెరుచుకున్న వరస ఒక్కటీ లేదు. బయటికొచ్చిన రెండు పావులనూ తెల్లవాళ్లే ఇచ్చేశారు. నల్లవాళ్లకు రెండు గుర్రాలూ, సి5 బిషప్ అప్పటికే రంగంలో ఉన్నాయి. ఎఫ్7లో ఉన్న రాజు మీద దాడి చేయడానికి ఎవరూ లేరు. ఒక్క ఎత్తులో ఆయన జి8కి వెళ్లి కూర్చుంటాడు. ఆట మధ్యలో రెండు చిన్న పావులు కలిసి ఒక ఏనుగు, ఒక బంటు కంటే చాలా ఎక్కువ పని చేస్తాయి. ఏనుగుకు బలం వచ్చేది పావులు తగ్గి వరసలు తెరుచుకున్నాక.

ఇదే మార్పిడిని నల్ల వైపు కూర్చుని, ఎనిమిదో ఎత్తు తర్వాతి నుంచి స్నేహితుడితో నాలుగైదు సార్లు ఆడండి. ఆ తర్వాత తెల్లతో కూర్చున్నప్పుడు మీ చెయ్యి జి5 వైపు వెళ్లదు. నియమంగా చెప్పాలంటే, నల్లరాజు ఇంకా ఇ8లోనే ఉంటే ఎఫ్7 బలహీనం. క్యాస్లింగ్ అయ్యాక దాన్ని ఏనుగు, రాజు ఇద్దరూ కాస్తుంటారు, దాడి చల్లారిపోతుంది.

రెండోది తొందరపడి వేసే పిన్. దీనికి 1862 నాటి ఉదాహరణ ఉంది. లండన్‌లో సెరాఫినో డుబోయిస్ తెల్ల, విల్‌హెల్మ్ స్టైనిట్జ్ నల్ల. స్టైనిట్జ్ మొదటి అధికారిక ప్రపంచ ఛాంపియన్ కావడానికి అప్పటికింకా 24 ఏళ్లుంది. బోర్డు పెట్టుకుని ఆడుతూ చదవండి:

3... బిషప్ సి5
4. క్యాస్లింగ్, గుర్రం ఎఫ్6
5. డి3 డి6
6. బిషప్ జి5 హెచ్6
7. బిషప్ హెచ్4 జి5
8. బిషప్ జి3 హెచ్5

తెల్లరాజు అప్పటికే క్యాస్లింగ్ చేసి జి1లో ఉన్నాడు. నల్లరాజు ఇంకా మధ్యలోనే. కాబట్టి నల్లవాళ్లు రాజు వైపు బంటుల్ని తోస్తే వాళ్లకు నష్టం లేదు, తెల్లరాజుకే ప్రమాదం. డుబోయిస్ 9వ ఎత్తులో హెచ్4 ఆడాడు. ఇదే స్థితి వచ్చిన తర్వాతి కాలపు ఇంకో గేమ్‌లో, రష్యన్ ఆటగాడు చిగోరిన్ మీద తెల్లతో ఆడిన నోర్రె 9వ ఎత్తులో గుర్రంతో జి5 బంటును చంపాడు. చిగోరిన్ దాన్ని పట్టించుకోకుండా హెచ్4 తోశాడు. 10వ ఎత్తులో గుర్రం ఎఫ్7 బంటును చంపి క్వీన్‌నూ ఏనుగునూ ఒకేసారి ఫోర్క్ చేసింది. నల్ల బంటు జి3 బిషప్‌ను చంపింది. 11వ ఎత్తులో గుర్రం క్వీన్‌నే చంపింది. అప్పుడు బిషప్ జి4! క్వీన్ పోయింది, అయినా హెచ్ వరస తెరుచుకుంది, నల్ల ఏనుగు హెచ్8 నుంచి నేరుగా తెల్లరాజు ఇంటి మీదకు చూస్తోంది, సి6 గుర్రం డి4 మీదుగా ఎఫ్3 వైపు వస్తోంది. కొన్ని ఎత్తుల్లోనే తెల్లవాళ్లు ఓడిపోయారు.

మీ ప్రత్యర్థి స్టైనిట్జ్ కాకపోవచ్చు, కానీ హెచ్6, జి5 అని తోయడం ఎవరికైనా తోస్తుంది. కాబట్టి నల్లవాళ్లు క్యాస్లింగ్ చేయకముందు బిషప్‌ను జి5కి తీసుకెళ్లకండి, ముఖ్యంగా మీరు చేసేసి ఉంటే. నల్లతో ఆడేటప్పుడు ఇదే మీకు పనికొస్తుంది: తెల్లవాళ్లు ముందే క్యాస్లింగ్ చేసి పిన్ వేస్తే, మీరు కంగారుగా క్యాస్లింగ్ చేయొద్దు. హెచ్6 ఆడి బిషప్ ఎటు వెళ్తుందో చూడండి.

నాలుగో మెట్టు: పక్కదారులు

మూడో ఎత్తు తర్వాత నల్లవాళ్లు బిషప్ సి5 కాకుండా ఇంకేదైనా ఆడొచ్చు. ఈ నాలుగూ తెలిస్తే చాలు.

3... గుర్రం ఎఫ్6. టూ నైట్స్ అంటారు. మీరు 4. డి3 ఆడితే చాలావరకు పైన చెప్పిన ఆకృతికే వస్తారు. 4. గుర్రం జి5 ఆడాలని ఉబలాటం ఉంటుంది. అది చెడ్డ ఎత్తు కాదు. ఇక్కడ నల్లరాజు క్యాస్లింగ్ చేయలేదు, ఎఫ్7 నిజంగానే ప్రమాదంలో ఉంది. కానీ నల్లతో ఆడేటప్పుడు దీని జవాబు మీకు కచ్చితంగా తెలిసి ఉండాలి: 4... డి5 5. ఇ బంటు డి5ని చంపుతుంది, ఇప్పుడు గుర్రం ఎ5! గుర్రంతో డి5ని తిరిగి చంపితే 6. గుర్రం ఎఫ్7 బంటును చంపుతుంది, రాజు గుర్రాన్ని చంపుతాడు, 7. క్వీన్ ఎఫ్3 చెక్, డి5 గుర్రాన్ని కాపాడటానికి రాజు ఇ6కి, అంటే బోర్డు నడిమధ్యకు రావాల్సి వస్తుంది. కంప్యూటర్ దాన్ని నిలబెడుతుందేమో, గడియారం పరుగెడుతుంటే మనిషికి చాలా కష్టం. గుర్రం ఎ5 తర్వాత 6. బిషప్ బి5 చెక్, సి6 7. బంటు చంపుతుంది, బి బంటు తిరిగి చంపుతుంది. నల్లవాళ్లకు ఒక బంటు తక్కువ. బదులుగా తెల్ల బిషప్ వెనక్కి వెళ్లాలి, తర్వాత హెచ్6తో గుర్రమూ వెళ్లాలి, ఇ4 తోపుతో ఇంకోసారి కదలాలి. ఆ వేగమే మీకు దక్కిన ధర.

3... గుర్రం డి4. చిన్న పిల్లలు సరదాపడి వేసే ఉచ్చు. ఇ5 బంటు ఉచితంగా కనిపిస్తుంది. దాన్ని గుర్రంతో చంపితే క్వీన్ జి5. ఆపైన ఎఫ్7 బంటును కూడా చంపితే క్వీన్ జి2 బంటును చంపుతుంది, ఏనుగు ఎఫ్1, క్వీన్ ఇ4 బంటును చంపి చెక్, బిషప్ ఇ2, గుర్రం ఎఫ్3 చెక్‌మేట్. మీరు ప్రశాంతంగా 4. గుర్రంతో డి4 గుర్రాన్నే చంపండి, ఇ బంటు తిరిగి చంపాక క్యాస్లింగ్ చేయండి. నల్లవాళ్లకు ఒక్క పావు కూడా బయటికి రాలేదు.

3... డి6. మీరు 4. గుర్రం సి3 ఆడితే చాలామంది బిషప్ జి4 అంటారు. 5. హెచ్3 ఆడి అడగండి. బిషప్ హెచ్5కి వెనక్కి వెళ్తే 6. గుర్రంతో ఇ5 బంటును చంపండి! బిషప్ మీ క్వీన్‌ను చంపితే 7. బిషప్ ఎఫ్7 బంటును చంపి చెక్, రాజు ఇ7, 8. గుర్రం డి5 చెక్‌మేట్. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు లెగల్ పేరుతో పిలిచే మేట్ ఇదే. నల్లవాళ్లు తెలివిగా గుర్రంతో ఇ5 గుర్రాన్ని చంపినా, మీ క్వీన్ హెచ్5 బిషప్‌ను చంపుతుంది, వాళ్ల గుర్రం సి4 బిషప్‌ను చంపుతుంది, క్వీన్ బి5 చెక్ ఇచ్చి ఆ గుర్రాన్ని కూడా చంపుతుంది. చివరికి మీకు ఒక బంటు ఎక్కువ. ఒక్క జాగ్రత్త: హెచ్3 ఆడకుండా, బిషప్ జి4లో ఉండగానే ఇది చేయకండి. అప్పుడు ఇ5కి వచ్చిన నల్ల గుర్రమే ఆ బిషప్‌ను కాస్తుంది, మీకు ఒక పావు నష్టం.

3... బిషప్ ఇ7 గానీ, 3... హెచ్6 గానీ ఆడితే నల్లవాళ్లు నెమ్మదించారని అర్థం. 4. డి4 తోయండి, మధ్యభాగం మీదే.

నల్లతో మీరు ఇ5 ఆడుతున్నారు కాబట్టి రూయ్ లోపెజ్, స్కాచ్ (3. డి4) కూడా ఎదురవుతాయి. రూయ్ లోపెజ్‌కు ఎ6, గుర్రం ఎఫ్6, బిషప్ ఇ7, క్యాస్లింగ్. స్కాచ్‌కు డి4ని చంపి గుర్రం ఎఫ్6. ఇప్పటికింతే.

ఐదో మెట్టు: టోర్నమెంట్ హాల్లో

ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం 5 గేములు ఆడాలి. జాబితాలో కనిష్ఠ రేటింగ్ 2024 నుంచి 1400. స్విస్ పద్ధతిలో మొదటి రౌండ్‌కు జాబితాలోని పై సగాన్ని కింది సగంతో జత కడతారు. అంటే రేటింగ్ లేని మీకు మొదటి రౌండ్‌లో బలమైన ఆటగాడు ఎదురుపడటం మామూలే. దానికి టెన్షన్ పడకండి, రెండో రౌండ్ నుంచి జతలు సర్దుకుంటాయి. అలాగే ఎదురుగా పదేళ్ల పాప కూర్చుందని తేలిక పడకండి. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఎదుగుతున్న పిల్లల అసలు బలం రేటింగ్ కంటే ఎప్పుడూ ముందుంటుంది.

ఫోన్ ఇంట్లోనో, నిర్వాహకులు చెప్పిన చోటో వదిలేయండి. ఆట జరుగుతుండగా మీ జేబులో కనిపిస్తే గేమ్ పోయినట్టే.

క్లాసికల్‌లో, అంటే నిదానంగా సాగే ఆటల్లో, ఎక్కువగా ఉండేది 90 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు అదనం. ఈ సమయాన్ని ఇలా పంచుకోండి. మొదటి పది ఎత్తులకు పది పదిహేను నిమిషాలు మించొద్దు. అవి మీ నోట్‌బుక్‌లో ఉన్నవే. 20వ ఎత్తు దగ్గర కనీసం 50 నిమిషాలు మిగలాలి. అంటే పదకొండు నుంచి ఇరవై దాకా నిజంగా ఆలోచించాలి. ఫోన్లో మూడు నిమిషాల ఆటలు అలవాటైనవాళ్లు ఇక్కడే గంటకు పైగా మిగుల్చుకుని ఓడిపోతారు. ప్రతి అయిదు ఎత్తులకోసారి స్కోర్‌షీట్ అంచున గడియారం సమయం రాసుకోండి. అది చట్టబద్ధమే, తర్వాత విశ్లేషణకు బంగారం లాంటిది.

ఎత్తు వేశాకే రాయాలి, రాసి వేయకూడదు. 30 సెకన్ల అదనం ఉన్న ఆటలో చివరి నిమిషం దాకా రాయాల్సిందే. పావును ముట్టుకుంటే అదే ఆడాలి. క్యాస్లింగ్‌లో ముందు రాజును ముట్టుకోండి, ఒకే చేత్తో ఆడండి. ఏనుగును ముందు ముట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ ఆ ఎత్తుకు పోతుంది. నియమవిరుద్ధమైన ఎత్తు మొదటిసారైతే ప్రత్యర్థికి రెండు నిమిషాలు ఇస్తారు, రెండోసారైతే గేమే పోతుంది. డ్రా అడగాలంటే మీ ఎత్తు వేసి, అడిగి, అప్పుడు గడియారం నొక్కాలి. ఒకే స్థితి మూడోసారి రాబోతుంటే ఆ ఎత్తు వేయకుండా స్కోర్‌షీట్ మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ను (టోర్నమెంట్ నియమాలు చూసే అధికారిని) పిలవండి. ముందు రాయడానికి అనుమతి ఉన్నది ఇలాంటి డ్రా క్లెయిమ్‌లకే. అనుమానం ఉన్న ప్రతిసారీ చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలవడం మీ హక్కు, ప్రత్యర్థి విసుక్కున్నా సరే.

ఆరో మెట్టు: నోట్‌బుక్‌లో లేని ఎత్తు వచ్చినప్పుడు

తప్పకుండా వస్తుంది, బహుశా ఆరో ఎత్తులోపే. చేతులు బల్ల కింద పెట్టుకుని ఈ మూడు ప్రశ్నలు వరసగా వేసుకోండి. ఆ పావు ఇప్పుడు దేన్ని చంపగలదు, ఎక్కడ చెక్ ఇవ్వగలదు? అది వదిలొచ్చిన గడిని, కాయడం మానేసిన పావును ఇప్పుడు ఎవరు చూస్తున్నారు? ఈ రెండింట్లో ఏమీ దొరకకపోతే, నా పావుల్లో అన్నిటికంటే పని లేకుండా ఉన్నది ఏది, దాన్ని ఏ గడికి తీసుకెళ్లాలి?

ఇటాలియన్‌లో మూడో ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తెల్లతో అయితే బి1 గుర్రం, జి3 వైపు. అది చేరిపోయి ఉంటే సి1 బిషప్. అదీ అయిపోతే డి4 తోపుకు లెక్క పెట్టండి. పన్నెండో ఎత్తులో ఏం చేయాలో తోచని స్థితి అసలు రాకుండా ఉండటానికే ఇందాక ప్రతి ఎత్తు పక్కనా కారణం రాయమన్నది.

పావు పోయినా వెంటనే లొంగిపోవద్దు. ఈ స్థాయిలో తిరిగి దొరికే అవకాశాలు చాలా ఉంటాయి. క్వీన్‌లు ఉన్నంతవరకు మార్పిడులు తప్పించుకుంటూ ఆడండి.

ఏడో మెట్టు: గేమ్ అయ్యాక, ఇంజిన్ కంటే ముందు

సంతకాలు పెట్టి, స్కోర్‌షీట్ ఇచ్చేసి, మీ కాపీ దగ్గర ఉంచుకోండి. ప్రత్యర్థికి అభ్యంతరం లేకపోతే బయట బోర్డు దగ్గర పది నిమిషాలు కలిసి చూడండి. "ఇక్కడ మీరు దేనికి భయపడ్డారు?" అని అడగండి. ఏ యాప్ చెప్పలేని సంగతి అది. మీరు బలహీనమనుకున్న స్థానం ఎదుటివాళ్లకు ఎంత కష్టంగా అనిపించిందో అప్పుడే తెలుస్తుంది.

ఆ రాత్రి తర్వాతి రౌండ్ ఉంటే అంతకు మించి తవ్వకండి, నిద్రపోండి. టోర్నమెంట్ అయ్యాక ఒక్కో గేమ్ తీసుకుని ముందు మీరే విశ్లేషించండి. మీ నోట్‌బుక్ ఎక్కడ ఆగిపోయిందో గీత గీయండి. గడియారంలో ఎక్కువ సమయం తిన్న ఎత్తు చుట్టూ సున్నా చుట్టండి. మీరు పరిశీలించి వదిలేసిన ఎత్తులు పక్కన రాయండి. ఇదంతా అయ్యాకే లీచెస్ వెబ్‌సైట్‌లో స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ (ఎత్తులను విశ్లేషించే ప్రోగ్రామ్) పెట్టండి, అది ఉచితం. ఇంజిన్ 0.3 తేడా (1 అంటే ఒక బంటు విలువ) చూపించే చోట్లను వదిలేయండి. మన స్థాయిలో దానికి అర్థం లేదు. తేడా ఒక్కసారిగా 1 దాటిన చోట ఆగి, ఎందుకో మాటల్లో రాయండి. మాటల్లో రాయలేకపోతే అది మీకు ఇంకా అర్థం కాలేదు, ఇంజిన్ చూపిన వరసను బోర్డు మీద ఆడండి.

చివరి పని, దీన్ని మాత్రం వదలొద్దు. ఆ గేమ్ నుంచి నోట్‌బుక్‌లోకి ఒక్క కొత్త ఎత్తు మాత్రమే చేర్చండి: మీరు గీత గీసిన చోట ఈసారి ఏం ఆడతారో, ఎందుకో. ప్రత్యర్థి 6... బిషప్ జి4 ఆడితే మీకు తోచలేదనుకోండి, 7. హెచ్3, తర్వాత బి గుర్రం డి2 అని కారణంతో రాయండి. తొమ్మిది రౌండ్ల టోర్నమెంట్ అయితే అలాంటివి తొమ్మిది దాకా చేరతాయి. తర్వాతి టోర్నమెంట్‌కు వారం ముందు ఆ కొత్త పంక్తులను బోర్డు మీద ఒకసారి తెల్ల వైపు నుంచి, ఇంకోసారి నల్ల వైపు నుంచి ఆడుకోండి.